మూడో గడిలో నాన్న పేరు

అక్టోబర్ 9, ఆదివారం

సంతకం పెట్టేశాను. పద్నాలుగు పేజీలు, పేజీకొక సంతకం.

పాటల హక్కులు చూసే కంపెనీ తరఫున ఉస్తాజ్ వగ్దీ కైరో నుంచి వచ్చాడు. సూయెజ్ కాలువ గట్టున కాఫీ హోటల్లో కూర్చున్నాం. మనిషి మర్యాదస్తుడు. బల్ల మీద చెయ్యి ఆనించే ముందు రుమాలుతో తుడిచి మరీ ఆనించాడు.

"ఇకమీదట మీ నాన్నగారి గొంతు ఇంటర్నెట్లో ఏ మూల వినపడినా మాకు తెలిసిపోతుంది మేడమ్. మనిషి కూర్చుని వినక్కర్లేదు, యంత్రమే వింటుంది. అనుమతి లేకపోతే దించేస్తుంది" అన్నాడు.

"నిజంగా దించేస్తుందా?"

"మీరే చూస్తారుగా."

నాన్న పోయి పదకొండేళ్ళు. పగలు రేవులో ఓడలకి తాళ్ళు కట్టేవాడు, సాయంత్రాలు తీగల వాయిద్యం సిమ్‌సిమియా ఒళ్ళో పెట్టుకుని పాడేవాడు. పోర్ట్ సయీద్‌లో అందరూ గౌరవంగా రయ్యిస్ అని పిలిచే ముతవల్లీ గొంతు మోగని టాక్సీ లేదు. ఆ క్యాసెట్లు అచ్చేసినవాళ్ళలో ఒక్కడైనా మా గుమ్మం తొక్కి 'రయ్యిస్, బాగున్నావా' అని అడిగిన పాపాన పోలేదు. చివరి రోజుల్లో ఆస్పత్రి వరండాలో దగ్గుతూ పడుకుని ఉంటే, వార్డుబాయ్ జేబులో ఫోను నాన్న పాటతోనే మోగింది. వాడు ఫోనెత్తి, నాన్నని చూసి, "ముసలాయనా, కాస్త దగ్గాపు, వినపడటం లేదు" అన్నాడు. ఆ గొంతు నీదేనని చెప్పు నాన్నా అన్నాను. "పోనీలే, పాపం వాడి ఫోను" అన్నాడు.

నేను మర్చిపోలేదు. పోయిన రంజాన్‌కి బిస్కెట్ల కంపెనీ వాళ్ళు అదే పాట ప్రకటనలో పెట్టుకుని, బిస్కెట్ కొరికే పాప మీద నాన్న గొంతు పోసినప్పుడు టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను. అప్పుడే అనుకున్నాను, ఇక ఊరుకోకూడదని.

పాటకొక కాగితం నింపమన్నాడు వగ్దీ. ముందు 'సముద్రపు పిట్టా, మెల్లగా పో'. కాగితంలో మూడు గడులు: గానం, వరస, రచన. మూడింటిలోనూ నాన్న పేరే రాశాను. మూడో గడి దగ్గర పెన్ను కొంచెం ఆగింది. సిరా అయిపోయిందనుకుని వగ్దీ తన పెన్ను ఇచ్చాడు.


అక్టోబర్ 12, బుధవారం

శుభ్రం చేసిన పాట పంపారు. క్యాసెట్ గరగరలన్నీ పోయాయి. మొదట్లో నాన్న ఏదో మాట్లాడే ముక్క కూడా తీసేశారు. యంత్రానికి పాట చాలట, మాటలు అక్కర్లేదట. మాటలున్న చోట రెండు సెకన్లు నిశ్శబ్దం, తర్వాత తీగ మోగుతుంది.

శుభ్రంగా ఉంది. చాలా శుభ్రంగా ఉంది.


అక్టోబర్ 27, గురువారం

బిస్కెట్ల ప్రకటన పోయింది! కంపెనీ వాళ్ళు క్షమాపణ ఉత్తరం కూడా పంపారు, కింద ఎవరో డైరెక్టరు సంతకం. కైరోలో ఒక కుర్ర గాయకుడు నాన్న పాటకి తన పేరు పెట్టుకుని తిరుగుతున్నాడు, అదీ పోయింది.

పోర్ట్ ఫువాద్ పడవ మీద బడికి వెళ్తూ ఆ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. నాన్న సమాధి దగ్గర కూడా చదివొచ్చాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవాళ్ళు. అనుకోనీ.


నవంబర్ 3, గురువారం

ఈ నెల జాబితా వచ్చింది. "మీ తరఫున తొలగించినవి: 41."

మొత్తం చదివాను. దమియెట్టాలో ఒక పెళ్ళి. చేపల పడవలో ఇద్దరు వల ఏరుకుంటూ పాడినది. ఇస్మాయిలియాలో ఎవరో టాక్సీ నడుపుతూ పాడినది. ఒక ముసలాయన అంత్యక్రియల నుంచి ఇంటికొచ్చాక బంధువులంతా కూర్చుని పాడినది. ముప్పై తొమ్మిదోది 'పోర్ట్ ఫువాద్ బాలికల పాఠశాల, వార్షికోత్సవం'.

మా బడి. నేను లైబ్రరీ చూసే బడి. ఆ పిల్లలకి ఆ పాట నేర్పింది నేనే.


నవంబర్ 6, ఆదివారం

హెడ్‌మిస్ట్రెస్ నవ్వేసింది. "మీ మీద మీరే కేసు పెట్టుకున్నారా అబ్లా ఇన్షిరాహ్?" అంది, టీచరమ్మల్ని పిలిచినట్టు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం రెండో తరగతి పిల్ల ఒకతి పుస్తకం తిరిగివ్వడానికి వచ్చి, బల్ల దగ్గరే నిలబడిపోయింది. "అబ్లా, మేం దొంగతనం చేశామా? వీడియో ఉన్నచోట అలాగే రాసుందంట."

లేదమ్మా, అది యంత్రం పొరపాటు అన్నాను.

యంత్రం పొరపాటు చెయ్యలేదు. చెప్పిన పనే చేసింది. ఇలాంటి చిన్నచిన్నవి మొదట్లో జరుగుతాయి, సర్దుకుంటుంది. చట్టప్రకారం పాట నాది.


నవంబర్ 11, శుక్రవారం

చాన్నాళ్ళకి దమ్మాకి, శుక్రవారం పాటల కూటానికి, వెళ్ళాను. నాన్న ఉన్నప్పటిలాగే చేపల బజారు వెనక కాఫీ కొట్టు ముందు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. ఒకాయన చెంచాలు కొడుతున్నాడు, ఒకాయన డోలు, మధ్యలో సిమ్‌సిమియా. నేను మలుపు తిరగ్గానే పాట ఆగిపోయింది.

హాజ్ ఖమీస్ డోలు మీద చెయ్యి పెట్టి అరిచాడు. నాన్నతో నలభై ఏళ్ళు డోలు కొట్టిన మనిషి. "ఆపండ్రా, ఆపండి! పోలీసులొచ్చారు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను.

"ఏంటే అమ్మాయ్, మీ నాన్న గొంతుకి తాళం వేశావంట? మేం శుక్రవారాలు పాడుకున్నవి మూడేళ్ళవి పెట్టుకున్నాం ఇంటర్నెట్లో. మొత్తం ఊడ్చేశారు. మా ఆవిడ ఇంకా బతికుండగా పక్కన కూర్చుని చప్పట్లు కొట్టినవి కూడా."

"బిస్కెట్ల వాళ్ళు బాబాయ్... నాన్న పాటని..."

"బిస్కెట్ల వాణ్ణి తన్ను. నేనూ వచ్చి తంతాను. నన్నెందుకు తన్నావు?"

టీ తెప్పించాడు, పుదీనా వేసి. కోపంలో కూడా మర్యాద మర్చిపోడు. వేరే పాటలు పాడారు. ఆ పాట మాత్రం పాడలేదు. నేను లేచేటప్పుడు మెల్లగా అడిగాడు.

"ఆ పాట ఎత్తుకునే ముందు మీ నాన్న ప్రతిసారీ ఒక మాట చెప్పేవాడు. గుర్తుందా?"

గుర్తులేదన్నాను.


నవంబర్ 12, శనివారం

నిజంగానే గుర్తులేదు.


నవంబర్ 14, సోమవారం

సూయెజ్ నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. పేరు షద్వా, ఇరవై రెండేళ్ళు. నా చిరునామా బడి వాళ్ళనడిగి పట్టుకుందట.

పాత గొంతులు తీసుకుని వాటి కింద తన గొంతు, ఓడల కూతలు, వర్క్‌షాపు సుత్తి దెబ్బలు కలిపి కొత్త పాటలు కడుతుందట. ఆరేళ్ళుగా కట్టినవన్నీ తన ఛానల్లో ఉన్నాయి. 'సముద్రపు పిట్ట' మీద మూడు ఫిర్యాదులు వెళ్ళేసరికి మొత్తం ఛానల్ మూసేశారు. అందులో ఒకటి తను కట్టినది కూడా కాదు. వాళ్ళ అమ్మమ్మ వదీదా వంటింట్లో చేపలు కడుగుతూ పాడిన వీడియో. ఆ అమ్మమ్మ ఆగస్టులో పోయింది. ఫోను బస్సులో ఎవరో కొట్టేశారు. ఆ వీడియో ఛానల్లో తప్ప ఇంకెక్కడా లేదు. మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే డిసెంబర్ పదిన మొత్తం చెరిపేస్తామని సైటు వాళ్ళు చెప్పారట.

చివర్లో ఇలా రాసింది: "కోపంతో రాయడం లేదు అబ్లా. రయ్యిస్ గొంతంటే నాకు ప్రాణం. కానీ ఆ పాట మా అమ్మమ్మ వాళ్ళ అన్నయ్య కట్టినది. ఆయన పేరు జాబిర్. వడ్రంగి. మీకు తెలిసే ఉంటుంది."

జవాబు ఇవ్వలేదు. ఇలాంటివాళ్ళు చాలామంది బయల్దేరతారని వగ్దీ ముందే చెప్పాడు.


నవంబర్ 15, మంగళవారం

ఆ రెండు సెకన్లు.

ఇవాళ లైబ్రరీలో ఎవరూ లేనప్పుడు శుభ్రం చేసిన పాట పెట్టుకున్నాను. తీగ మోగడానికి ముందు ఆ నిశ్శబ్దంలో నాన్న మాట్లాడాడు. రెండు సెకన్లలో పట్టే మాటలు కావవి, అయినా పట్టాయి. మొదటినుంచి చివరిదాకా.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ మాట్లాడాడు.

పాట వద్దనుకుని ఫోను సొరుగులో పెట్టేశాను. అప్పుడు బడి గంట కొట్టబోయే ముందు, ప్యూను తాడు పట్టుకుని ఆగుతాడే, అప్పుడు వినపడింది. ఇంటికొస్తుంటే పడవ ఇంజను ఆపి గట్టుకి ఆనించే క్షణంలో వినపడింది. కుళాయి కట్టగానే వినపడింది. ఎక్కడ చప్పుడు ఆగితే అక్కడ నాన్న మొదలుపెడుతున్నాడు. కోపంగా కాదు. ఎప్పుడూ చెప్పినట్టే, గ్లాసుల చప్పుడు మధ్య కొంచెం గొంతు పెంచి.

రేడియో పెట్టే ఉంచుతున్నాను.


నవంబర్ 22, మంగళవారం

ఆ అమ్మాయే ఫోన్ చేసింది.

"అబ్లా, నేను షద్వాని. పెట్టెయ్యకండి, రెండు నిమిషాలు."

పెట్టెయ్యలేదు.

"మీరు నన్ను దొంగ అనుకుంటున్నారా?"

"నేనేం అనుకోవడం లేదమ్మా. అదంతా కంపెనీ చూసుకుంటుంది."

"కంపెనీకి రాస్తే హక్కుదారు మీరేనంది. మీకు రాస్తే కంపెనీ అంటున్నారు. నేను ఎవరితో పోట్లాడాలో అదైనా చెప్పండి."

తనే నవ్వింది. చిన్న పిల్ల నవ్వు. "సరే, పోట్లాడనులెండి. ఒక్కటి అడుగుతాను. రయ్యిస్ పాటలో రెండే చరణాలుంటాయి కదా?"

"అవును."

"మా అమ్మమ్మకి మూడు. మూడోది ఆడవాళ్ళు కట్టుకున్నారట, నీళ్ళ పంపు దగ్గర. మగవాళ్ళకి తెలీదు. అది ఆ వీడియోలోనే ఉంది. నాకు మొదటి రెండు లైన్లే వచ్చు. మిగతాది ఎప్పుడో నేర్చుకోవచ్చులే, అమ్మమ్మ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను."

రేడియో ఆన్‌లోనే ఉంది. అయినా వినపడింది నాన్న గొంతు.

చూస్తానమ్మా అన్నాను. ఏం చూస్తాను?


డిసెంబర్ 1, గురువారం

వగ్దీకి ఫోన్ చేశాను. ఆ ఒక్క ఛానల్ వదిలెయ్యమన్నాను.

"ఎందుకు మేడమ్? బంధువులా?"

"కాదు. చిన్న పిల్ల. అమ్మమ్మ వీడియో అంట."

"అందరికీ అమ్మమ్మలుంటారు మేడమ్. వల్లో ఒక కన్ను తెంపితే చిన్న చేపే పోతుందని గ్యారంటీ ఏముంది? రేపు బిస్కెట్ల వాడి లాయరు వస్తాడు, ఆవిణ్ణి వదిలారుగా అంటాడు. మీరేగా అడిగారు, నిజంగా దించేస్తుందా అని?"

అడిగింది నేనే. వగ్దీ అన్నదాంట్లో తప్పేం లేదు. అదే బాధ.

"పాట రాసింది నాన్న కాదేమో" అన్నాను.

"మేడమ్, ఆ మాట ఫోన్లో అనకండి. మూడో గడి నింపింది మీరు. జాబిర్ అనే ఆయన వారసుల దగ్గర ఏదైనా కాగితం ఉందా?"

జాబిర్ పేరు నేను చెప్పలేదు. ఆ అమ్మాయి కంపెనీకి రాసిన ఉత్తరంలో చదివే ఉంటాడు.

"కాగితం లేదు."

"మరి?"

మరి. కాగితం లేదు. చట్టప్రకారం నాదే.


డిసెంబర్ 2, శుక్రవారం

ఇది నాకోసమే రాసుకుంటున్నాను కాబట్టి ఇక్కడైనా సరిగ్గా రాయాలి.

పొద్దున మిఠాయి డబ్బాలోంచి అసలు క్యాసెట్ తీశాను. పాత టేప్ రికార్డర్ ఇంకా పనిచేస్తోంది. కిటికీలు వేసి పెట్టాను.

గ్లాసుల చప్పుడు. ఎవరో దగ్గుతారు. తర్వాత నాన్న:

"ఆగండ్రా, గ్లాసులు కింద పెట్టండి. ఈ పాట నాది కాదు. సూయెజ్ వడ్రంగి జాబిర్‌ది. బడి గదిలో దుప్పటికి అటువైపు కూర్చుని వాడు కట్టాడు, ఇటువైపు కూర్చుని నేను నేర్చుకున్నాను. వాడు తిరిగి రాలేకపోయాడు. వాడి తరఫున నేను పాడుతున్నాను. ఇన్షిరాహ్, చెప్పులేసుకో తల్లీ, కింద గాజుముక్కలున్నాయి."

తర్వాత తీగ.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఈ మాటలు నా పేరుతో సహా కంఠతా వచ్చు. వందసార్లు విన్నాను. పెన్ను ఆగిన ఆ క్షణంలో కూడా విన్నాను. సిరా అయిపోలేదు.

అరవై ఏడు యుద్ధం తర్వాత కాలువ ఊళ్ళన్నీ ఖాళీ చేయించినప్పుడు మావాళ్ళని డెల్టాలో ఒక బడిలో పెట్టారు. ఒక్కో తరగతి గదిలో నాలుగు కుటుంబాలు, మధ్యన తాడు మీద దుప్పట్లు. దుప్పటికి ఇటువైపు మేం, అటువైపు సూయెజ్ వాళ్ళు: జాబిర్, వాళ్ళమ్మ, చెల్లెలు వదీదా. నేను ఆ గదిలోనే పుట్టాను. నేను పుట్టిన రెండు నెలలకి జాబిర్ జ్వరంతో పోయాడు. నాన్న ఇంట్లో కూడా ఎన్నిసార్లో చెప్పాడు. నల్లబల్ల మీద సుద్దతో రాసుకుని వరస కట్టేవాడట జాబిర్. పొద్దున పిల్లలొచ్చి చెరిపేసేవాళ్ళట.

సముద్రపు పిట్టా, మెల్లగా పో
మా వీధి మీదుగా పోతున్నావు
పొయ్యి మీద చేపలు వదిలొచ్చాం
మాడిపోతున్నాయేమో చూసి పో

సముద్రపు పిట్టా, అరవకు
మా అరుగు మీద పిల్లి పడుకుంది
మేమొచ్చామనుకుని లేస్తుంది
లేచి ఎవరినీ చూడక పడుకుంటుంది

ఎందుకు రాశాను మూడో గడిలో? ఆస్పత్రి వరండా వల్ల రాశానని చెప్పుకుంటూ వచ్చాను. నాన్నకి జరిగిన అన్యాయానికి ఈ మాత్రం ఎక్కువ వచ్చినా తప్పులేదని. కానీ అది కూడా పూర్తిగా నిజం కాదు. రచన గడి ఖాళీగా వదిలితే నాన్న కేవలం పాడినవాడు అవుతాడు. కట్టినవాడు అనిపించుకోవాలని నాకే ఆశ. ఆయనకి లేదు.

నాన్నని దోచుకున్నవాళ్ళు కనీసం ఆయన్ని పాడనిచ్చారు. నేను ఆయన మాట కోసేశాను.


డిసెంబర్ 4, ఆదివారం

బడికి సెలవు పెట్టి పొద్దుటి బస్సుకి కైరో వెళ్ళాను. కాగితం ముందే రాసుకెళ్ళాను: "మూడో గడిలో రాసినది తప్పు. రచన జాబిర్‌ది. తెలిసే రాశాను." క్యాసెట్ కూడా పట్టుకెళ్ళాను.

వగ్దీ చదివి, లేచి వెళ్ళి గది తలుపు వేశాడు.

"'తెలిసే' అనే మాట కొట్టెయ్యండి మేడమ్. పొరపాటున అని రాయండి. మీకోసం చెప్తున్నాను."

"తెలిసే రాశాను కదా."

"అబద్ధపు పత్రమిచ్చారని మావాళ్ళు మీ మీదకి రావచ్చు. ఊళ్ళో మీ పరువు, ఉద్యోగం... ఆలోచించండి."

"పిల్లలు అడిగారు ఉస్తాజ్, మేం దొంగలమా అని. ఎవరో ఒకరు అవును అనాలి కదా."

చాలాసేపు రుమాలు మడతపెడుతూ కూర్చున్నాడు. తర్వాత నా ముందే ఛానల్ మీద ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు, టకటకా నాలుగు మీటలు. అంతే. ఇన్నాళ్ళూ నేను కదపలేని కొండ నాలుగు మీటలు.

"పాట రచన మాది కాదని ఫైల్లో రాస్తాను. కానీ మీ నాన్నగారి గొంతు రికార్డింగ్ మాత్రం ఒప్పందం ప్రకారం పదేళ్ళు కంపెనీదే. వాయిద్యం, వరస పోలినా యంత్రం పట్టుకుంటుంది. దానికి ఫైలు చదవడం రాదు" అన్నాడు.

గుమ్మం దాకా వచ్చి అడిగాడు. "మా నాన్న ఇస్మాయిలియా. ఆయనా పాడేవాడు ఈ పాట. ఎవరు కట్టారో ఇన్నాళ్ళూ నాకు తెలీదు. ఆ పేరు ఇంకోసారి చెప్పండి."

జాబిర్ అని చెప్పాను. మళ్ళీ చెప్పాను.


డిసెంబర్ 11, ఆదివారం

ఛానల్ తెరుచుకుందని షద్వా ఫోన్ చేసింది. ఆరేళ్ళ పాటలు ఉన్నాయట.

"మరి అమ్మమ్మ?"

"ఆ గడి ఉంది అబ్లా. బూడిద రంగులో. పేరుంది, తారీకుంది, ఎంతమంది చూశారో ఉంది. నొక్కితే ఏమీ రాదు. గడువు రాకముందే చెరిగిపోయిందంట, తిరిగి తేలేమంటున్నారు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అది ఇంకా భరించలేకపోయాను.

నేను ఉత్తరం చూసి కైరో వెళ్ళడానికి ఇరవై రోజులు తీసుకున్నాను. నవంబర్ పదిహేనున వెళ్ళుంటే? లెక్క వేసుకోకూడదనుకుంటూనే ఉన్నాను.


డిసెంబర్ 16, శుక్రవారం

షద్వాని రమ్మన్నాను, వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది, భుజాన తాళ్ళు ఊడిపోయిన సంచి. చేపలన్నం వండాను. రెండుసార్లు పెట్టించుకుంది. క్యాసెట్ వినిపించాను. నాన్న 'జాబిర్‌ది' అన్నప్పుడు అన్నం చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మా ఇంట్లో ఆయన ఫొటో కూడా లేదు" అంది. "పేరు బయటివాళ్ళ నోటి నుంచి వినడం ఇదే మొదలు."

సాయంత్రం దమ్మాకి తీసుకెళ్ళాను. హాజ్ ఖమీస్ ఏదో వేళాకోళం ఆడబోయాడు. నేను కూర్చోలేదు. జీవితంలో అంతమంది మగవాళ్ళ మధ్య నిలబడి మాట్లాడింది లేదు.

"ఆ పాట మా నాన్నది కాదు. సూయెజ్ వడ్రంగి జాబిర్‌ది. నాకు తెలుసు. తెలిసే నాన్న పేరు రాశాను. మీవన్నీ పోయింది నా సంతకం వల్ల. ఈ పిల్ల జాబిర్ చెల్లెలి మనవరాలు."

చెంచాలు కొట్టే ఆయన చెంచాలు కింద పెట్టేశాడు. ఎవరో "అస్తగ్‌ఫిరుల్లా, దేవుడు క్షమించాలి" అన్నారు. హాజ్ ఖమీస్ నావైపు చూడకుండా షద్వాతో అన్నాడు.

"వదీదా మనవరాలివా? ఆవిడ నా నెత్తి మీద ఒకసారి బకెట్ నీళ్ళు పోసింది తెలుసా? ఆ బడిలో, పంపు దగ్గర. వరసలో ముందుకి దూరానని."

"నాకు చెప్పింది తాతయ్యా" అంది షద్వా. "బకెట్ కాదన్నది. బిందె అంది."

పెద్దగా నవ్వారు. కుర్చీ వేశారు. పాట ఎత్తుకున్నారు. రెండు చరణాలయ్యాక అలవాటుగా ఆపబోతుంటే, షద్వా చెయ్యెత్తింది.

దండెం మీద బట్టలు అలాగే ఉన్నాయి
ఇన్ని ఎండలకి రంగు పోయుంటాయి
మేమొచ్చేసరికి పిల్లలు పెద్దవుతారు
ఆ చొక్కాలు ఇక ఎవరికీ పట్టవు

డోలు తప్పింది. హాజ్ ఖమీస్ నలభై ఏళ్ళలో తప్పడం నేను చూడలేదు.

"ఇది వదీదాదా, నీదా?" అని అడిగాడు.

"పై రెండు లైన్లు అమ్మమ్మవి. కింది రెండూ ఇవాళ బస్సులో కట్టాను. అసలువి ఏమిటో తెలీదు. ఇక తెలీదు కూడా."

"పాడు. మళ్ళీ పాడు" అన్నాడు.

నాతో మాత్రం మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు టీ కూడా చెప్పలేదు. తెలిసింది. అది మర్యాద మర్చిపోవడం కాదు.


జనవరి 2, సోమవారం

జాబితా: "మీ తరఫున తొలగించినవి: 17." ఆరోది డిసెంబర్ పదహారు నాటి దమ్మా. షద్వా మూడో చరణంతో సహా.

కంపెనీకి ఫోన్ చేశాను. వగ్దీ మానేశాడట. కొత్తాయన చాలా మర్యాదగా, పరిశీలిస్తామన్నాడు.

షద్వాకి చెప్పడానికి సిగ్గేసింది. తను అప్పటికే చూసింది. "ఒక విషయం తెలుసా అబ్లా? రయ్యిస్ మాటలు, పాటకి ముందువి, మీరిచ్చినవి, వాటిని విడిగా పెట్టాను. దానికి ఏమీ కాలేదు. యంత్రానికి ఆ ముక్క తెలీదు కదా, వాళ్ళే కోసేశారు. రెండు వేలమంది విన్నారు."

నాన్న గొంతులో మిగిలి ఉన్నది అదొక్కటే. ఈ పాట నాది కాదు అనే మాట.

రేడియో కట్టేశాను. చూద్దామని. కుళాయి కట్టాను. ఏమీ వినపడలేదు. వినపడితే బాగుండుననిపించింది.


జనవరి 19, గురువారం

జాబితాలో ఉన్నవాళ్ళకి నేనే ఫోన్లు చేస్తున్నాను. నంబరు దొరికినవాళ్ళకి. రోజుకి ఇద్దరు, ముగ్గురు. నేను ఫలానా, మీది తీయించింది నేను, క్షమించండి, మీ తప్పేం లేదు. కొందరు తిడతారు. దమియెట్టా పెళ్ళికొడుకు అసలు ఆ వీడియో ఉన్నట్టే మర్చిపోయాడు, పెళ్ళాంతో విడిపోయాడట. ఒకావిడ నేను డబ్బులు అడగడానికి చేశాననుకుని ఫోను పెట్టేసింది. అంత్యక్రియల వాళ్ళు ఎత్తలేదు.

ఒప్పందం ఇంకా తొమ్మిదేళ్ళ తొమ్మిది నెలలు ఉంది.


ఫిబ్రవరి 7, మంగళవారం

ఇస్మాయిలియా టాక్సీ అతను దొరికాడు. పేరు రిఫ్అత్. నేను చెప్పవలసింది చెప్పాను. విని అడిగాడు.

"అయితే అబ్లా, గురువారం మా అమ్మాయి పెళ్ళి. ఆ పాట పాడుకోవచ్చా?"

"అయ్యో, పాడుకోండి. నన్నడగక్కర్లేదు."

"మాకు భయంగా ఉంది. హాలు వాళ్ళు కూడా వద్దంటున్నారు, పోయినసారి ఎవరికో నోటీసు వచ్చిందంట. మా అమ్మ ఆ పాట లేకుండా ఆడటానికి లేవనంటోంది. మీరు కాస్త కాగితం మీద రాసిస్తారా?"

"ఆ పాట నాది కాదు బాబూ. నేనెలా రాసివ్వను?"

"ఎవరిదైతేనేంటి అబ్లా, ఆపేది మీ పేరేగా. మీ పేరుతోనే రాయండి."

నిజమే. రాశాను, లైబ్రరీ బల్ల మీద కూర్చుని:

"ఇస్మాయిలియాలో రిఫ్అత్ గారి అమ్మాయి పెళ్ళిలో సూయెజ్ వడ్రంగి జాబిర్ కట్టిన పాట ఎవరైనా, ఎంతసేపైనా పాడుకోవచ్చు. పాతవి మర్చిపోతే కొత్తవి కట్టుకోవచ్చు. ఫోన్లలో తీసుకోవచ్చు. ఎవరైనా తీసేస్తే అది నా పేరు మీద జరుగుతుంది కానీ నా ఇష్టంతో కాదు. ఇన్షిరాహ్ ముతవల్లీ."

ఫొటో తీసి పంపాను. ఐదు నిమిషాల్లో మళ్ళీ ఫోన్ చేశాడు.

"ముద్ర లేదు అబ్లా. హాలు వాళ్ళు ముద్ర చూస్తారు."

నా దగ్గరున్నది పుస్తకాలకి వేసే ముద్ర ఒక్కటే. 'పోర్ట్ ఫువాద్ బాలికల పాఠశాల ఆస్తి' అని ఉంటుంది. అదే వేశాను, సంతకం పక్కన, కొంచెం వంకరగా. మళ్ళీ పంపాను.

"ఇప్పుడు బాగుంది" అన్నాడు.